రెండో కోటు

ఏసుపాదం దగ్గర నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి.
ఏడేళ్లు.
కిందనుంచి చూస్తే ఆయనంటే
రెండు మడమలు, ఒక లుంగీ అంచు,
అప్పుడప్పుడూ నా నెత్తిమీద పడే పసుపు చుక్క.

సఖినేటిపల్లి రేవునుంచి రాజోలు దాకా
ఆయన చెయ్యి పడని గోడ లేదు.
ఎరువుల కొట్టు, సోడా బండి, పడవ ముక్కు మీద పేరు,
సమాధుల తోటలో 'ప్రభువునందు నిద్రించెను' -
ఆ రావత్తు దగ్గర మాత్రం
కుంచె ఆపి ఊపిరి పీల్చుకునేవాడు.
ఎలక్షన్లొస్తే ఒకే గోడకి అటొక పార్టీ, ఇటొక పార్టీ;
రెండువైపులా ఒకటే సున్నం, ఒకటే నీలిమందు.

సినిమా హాలువాళ్లు గుడ్డ పంపిన రోజు
సువార్తక్క చీరలారేసే దండెం ఊడేది.
హీరో బుగ్గ కలపడం అప్పుడే నేర్పాడు:
"ఎరుపులో తెలుపు పొయ్యకురా, తెలుపులో ఎరుపు పొయ్యి.
లేకపోతే డబ్బాడు ఖర్చయినా బుగ్గ రాదు."

తర్వాత భీమవరంలో ఫ్లెక్సు మిషను దిగింది.
ఒక్క వానాకాలం పట్టింది, అంతే.
దాని గురించి ఆయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు.
కుంచెలన్నీ కిరసనాయిల్లో కడిగి, ఎండబెట్టి,
పేపర్లో చుట్టి అటకెక్కించాడు,
రేపు మళ్లీ దించబోతున్నట్టు.

పాలకొల్లులో పెళ్లి వీడియోలవాడు కొట్టెత్తేస్తుంటే
కెమెరా కొన్నాడు.
సువార్తక్క షెడ్డులో రొయ్యల తలలు తీసిన డబ్బది.
చిటికెనవేలికి గుడ్డ చుట్టుకుంటూ
"ఇందులో నేను పడతానా?" అంది, అంతకుమించి ఏమీ అన్లేదు.

పడింది. నాలుగేళ్లు.
కథేంటని అడిగితే -
"ఆఖరి పంటు తప్పిపోయిన మనిషి
రేవులో కూర్చుంటదిరా."
తర్వాత?
"తెల్లారుద్ది."

నిర్మాత లేడు. నేనున్నాను.
నిచ్చెన బదులు గొడుగు, కెమెరాకి.
పోటెక్కేదాకా ఆగేవాళ్లం, పాటు తీసేదాకా ఆగేవాళ్లం.
సాయంత్రం ఓ ఏడు నిమిషాలు
వశిష్ఠ నీళ్లు తుప్పు రంగుకొస్తాయి;
ఆ ఏడు నిమిషాల కోసం పదహారు సాయంత్రాలు.
"నీళ్లక్కూడా మేకప్పేత్తారేంటి పెయింటరుగారూ?"
సరంగు పళ్లాలు నవ్వేవాడు.
"ఆయ్, అదే ఏసుకుంటదండి."

హైదరాబాదు తీసుకెళ్లాం. చిన్న హాలు, పదకొండుమంది.
ఇద్దరు నిద్రపోయారు;
ఏసీ చల్లగా ఉంది, తప్పు వాళ్లది కాదు.
లైట్లేశాక ఒక గడ్డమాయన లేచి
"ప్రతి ఫ్రేమూ పెయింటింగులా ఉందండీ" అన్నాడు.
బస్సు తణుకు దాటేదాకా ఏసుపాదం నోరు విప్పలేదు.
దాటాక,
"బోర్డులా ఉందన్నా బాగుండేది. బోర్డైతే చదువుతారు."

ఆ వేసవిలో అటకమీంచి కుంచెలు దిగాయి,
మూత బిగుసుకుపోయిన తెలుపు డబ్బా కూడా.
కొబ్బరి కొట్టు వెనక గోడ.
నేను నిచ్చెన పట్టుకున్నాను.
మడమలు పగిలి ఉన్నాయి ఈసారి.
"రెండో కోటు వెయ్యాలి కదా," అన్నాను.
డబ్బా వంచి చూపించాడు. "చాల్లే."

రాత్రికి షెడ్డు ఆడవాళ్లొచ్చారు,
ఎంత కడిగినా పోని వాసన చేతులతో.
పంటువాళ్లు ఆఖరి ట్రిప్పు ఎగ్గొట్టి వచ్చారు -
ఆ రాత్రి నిజంగానే ఎవరో అవతలొడ్డున ఉండిపోయుంటారు.

సువార్తక్క గోడంత అయింది.
రేవులో కూర్చుంది. కొంగు తలమీదికి లాక్కుంది.
నుదుటి వెలుగులోంచి,
ఒక్క కోటు తెలుపు కిందనుంచి,
పాతికేళ్ల నాటి యూరియా ప్రకటన పైకొచ్చింది:
'అధిక దిగుబడికి'
అక్కడిదాకానే. మిగతా అక్షరాలు
ఆవిడ జుట్టు నలుపులో పడిపోయాయి.

ఎవరూ నవ్వలేదు.
ముందు చాపమీద ఒక పిల్లోడు
కూడబలుక్కుంటూ పైకి చదివాడు.
ఏసుపాదం నా భుజం పట్టుకున్నాడు, నిచ్చెనని పట్టుకున్నట్టు.
"ధకి ఒత్తు చూశావా? ఇంకా చెక్కు చెదర్లేదు."

తర్వాత గోడమీద తెల్లారింది.
జనం లేచి చాపలు దులుపుకున్నారు.
నిచ్చెన అద్దెది;
పొద్దున్నే ఇచ్చెయ్యాలి.